పామ్ చెట్టుకు మొవ్వు ఒక్కటే

కడియం నర్సరీల నుంచి లారీలెక్కే అలంకార మొక్కల్లో రాయల్ పామ్‌కు ఉన్న గిరాకీ ఇంతా అంతా కాదు. గేటుకు ఇరువైపులా ఒక్కొక్కటి నాటనిదే కొత్త ఇంటికి శోభ రాదని చాలామంది భావిస్తున్నారు. పట్టణాల్లో రోడ్ల డివైడర్లపైనా ఇవే బారులు తీరుతున్నాయి. క్యూబా జాతీయ వృక్షమైన ఈ చెట్టుకు గోదావరి డెల్టా నేల, నీరు బాగా సరిపడ్డాయి. అందులో తప్పు పట్టవలసినదేమీ లేదు. చిక్కల్లా నాటేవారు నేలను చూస్తున్నారే గానీ, తలెత్తి కరెంటు తీగలను చూడకపోవడమే.

నర్సరీ సంచిలో 3 అడుగులుండే మొక్క 50, 60 అడుగులు పెరుగుతుంది. తీగలను తాకే వేళకు విద్యుత్ సిబ్బంది కత్తి పట్టుకు వస్తారు. వేపనో కానుగనో నరికితే పక్కనుంచి చిగురిస్తుంది. పామ్ జాతికి ఆ అవకాశం లేదు. కొబ్బరికి, తాటికి ఉన్నట్లే దీనికీ మొవ్వు ఒక్కటే. అది తెగితే ఏళ్ల తరబడి నీరు పోసి పెంచిన చెట్టు ఒక్క పూటలో మోడవుతుంది. కొబ్బరి చెట్ల మధ్య పుట్టి పెరిగిన వారికి ఈ సంగతి వేరే చెప్పాలా?

నష్టం అంతటితో ఆగితే అది యజమాని సొంత గొడవ అనుకోవచ్చు. కానీ కోనసీమలో పట్టణాలను ఆనుకునే కొబ్బరి తోటలున్నాయి. కుళ్లిన మోడులో కొమ్ము పురుగు గుడ్లు పెడుతుంది. పచ్చి గాయాల వాసనకు ఎర్రముక్కు పురుగు చేరుతుంది. రెండూ కొబ్బరికి బద్ధశత్రువులే. 2016లో మన దేశంలో తొలిసారి కనబడిన సర్పిలాకార తెల్లదోమ సైతం కొబ్బరితో పాటు అలంకార పామ్‌లనూ ఆశ్రయిస్తుంది. కనుక తల తెగిన మోడును నెలల తరబడి వదిలేయక వెంటనే తొలగించి కాల్చివేయడం అవసరం.

తీగల కింద నాటక తప్పదంటే 10, 12 అడుగుల బాటిల్ పామ్ ఉన్నది. గుబురుగా పెరిగే అరెకా పామ్‌లో ఒక కాండం తీసినా మిగిలినవి బతుకుతాయి. రాయల్ పామ్‌కు విశాలమైన ఆవరణ, జనం తిరగని మూల కావాలి. దాని ముదురు మట్ట తనంతట తానే ఊడిపడుతుంది. 10 అడుగుల మట్ట మోటార్ సైకిల్‌పై వెళ్లేవారి నెత్తిన పడితే ఏమవుతుందో డివైడర్లపై నాటిస్తున్న మున్సిపాలిటీలు ఆలోచించినట్లు లేదు. ఇకనైనా మొక్కలకు టెండర్లు పిలిచే ముందు ఉద్యాన, విద్యుత్ శాఖల అధికారులను ఒక్కచోట కూర్చోబెట్టి, ఏ రోడ్డుపై ఏ మొక్క నాటాలో తేల్చవలసి ఉన్నది.