అమ్మ గురించి కూడికలో ఎవరూ చెప్పని మాట

అమ్మ పోయి ఏడాదైంది. మొన్న ఇంటి ముందు షామియానా వేసి జ్ఞాపకార్థ కూడిక పెట్టాం. పాస్టరుగారు సామెతలు 31వ అధ్యాయం చదివారు. తర్వాత నలుగురు లేచి మాట్లాడారు. ప్రార్థనాపరురాలు అన్నారు, త్యాగమూర్తి అన్నారు, ఏనాడూ నోరెత్తి ఎరగదు అన్నారు. అందరూ ప్రేమగానే చెప్పారు. నేనూ కళ్లు తుడుచుకున్నాను.

భోజనాలయ్యాక గిన్నెలు సర్దుతుంటే ఒక సంగతి మనసులో గుచ్చుకుంది. ఆ మాటల్లో అమ్మ పేరు తీసేసి మా పిన్ని పేరు పెట్టినా సరిపోతాయి. పక్కింటావిడ పేరు పెట్టినా సరిపోతాయి. మరి ఇందులో మా అమ్మ ఎక్కడుంది?

పైగా నోరెత్తదన్నది నిజం కాదు.

మాది బాప్టిస్టు సంఘం. మాలో పసిపిల్లలకి బాప్తిస్మం ఉండదు. బిడ్డను చర్చిలో ప్రతిష్ఠ చేసి ప్రార్థిస్తారు, అంతే. ఊహ తెలిశాక, నేను నమ్ముతున్నానని తన నోటితో తను చెప్పాకే నీళ్లలో ముంచి బాప్తిస్మం ఇస్తారు. తమ్ముడు ఇంటర్ చదివేటప్పుడు వాడి ఈడు పిల్లలంతా తీసుకున్నారు. వాడు మాత్రం నాకింకా నమ్మకం కుదరలేదన్నాడు. నాన్న పరువు పోయిందని మాట్లాడటం మానేశారు. మేనత్త ఊరి నుంచి వచ్చి, "ముందు ముంచేయండి, నమ్మకం అదే వస్తుంది. రేపు సంబంధాలు ఎలా వస్తాయి?" అంది.

అమ్మ పప్పు మెదుపుతోంది. గుత్తి పక్కన పెట్టి, "వదినా, వాడి మాట వాడు చెప్పాలి. నా కోసం మునిగితే అది స్నానం అవుతుంది గాని బాప్తిస్మం కాదు" అంది.

ఆ ఒక్క మాటకి అమ్మ చాలా మూల్యం చెల్లించింది. కన్నకొడుకును దారిలో పెట్టుకోలేకపోయిందని వెనక అనుకున్నారు. స్త్రీల సమాజంలో ఆమెను ముందు నిలబెట్టి ప్రార్థన చేయించడం తగ్గించేశారు. అమ్మ ఆ సంగతి ఇంట్లో ఎత్తలేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి వాడి కోసం మోకరించేది. వాడు సెలవులకు వస్తే మాత్రం ఎప్పుడు తీసుకుంటావని ఒక్కసారి కూడా అడగలేదు. అంత నమ్మకమూ, అంత ఓపికా ఒకే మనిషిలో ఉండటం నేను ఇంకెక్కడా చూడలేదు. తమ్ముడు ఇప్పటికీ బాప్తిస్మం తీసుకోలేదు. కూడికలో చివరి వరసలో కూర్చుని అందరికంటే ఎక్కువ ఏడ్చింది వాడే.

అలాగని అమ్మ చేసినవన్నీ నాకు నచ్చాయని కాదు. ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో వేసేది. ఆదివారం అవి చర్చికి వెళ్లేవి. నాన్నకు జీతం రాని నెలల్లో కూడా ఆ డబ్బా నిండేది. "మనకే లేకపోతే ఎవరికిస్తావు?" అని నేను అరిచాను. మా కంచాల్లో అన్నం మాత్రం తగ్గలేదు. ఆ పిడికెడు ఎవరి కంచంలో తగ్గిందో నేను తల్లినయ్యాక గాని అర్థం కాలేదు. ఈ విషయంలో అమ్మతో నాకు ఇప్పటికీ పేచీయే. త్యాగమూర్తి అంటే చప్పట్లు కొట్టే ముందు, ఆ త్యాగంలో మనం తిన్న వాటా ఎంతో కూడా చెప్పుకోవాలి కదా!

ఇంటికొచ్చి సామెతలు 31 మళ్లీ తెరిచాను. ఆ అధ్యాయంలోని ఇల్లాలు రాత్రి దీపం ఆర్పకుండా పనిచేయడమే కాదు, పొలం చూసి, ఆలోచించి కొంటుంది. బట్ట నేసి అమ్ముతుంది. అంటే నిర్ణయాలు తీసుకునే మనిషి. మనం మాత్రం ఆమె చాకిరీని వల్లిస్తాం, ఆమె తెలివిని దాటేస్తాం.

ఇది మన ఇళ్లలోనే కాదు. అమ్మ పుట్టిల్లు ఒంగోలు. అక్కడి ప్రార్థన కొండ కథ చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిందో. 1854 జనవరి 1 తెల్లవారుజామున ఐదుగురు ఆ కొండెక్కి తెలుగువాళ్ల కోసం ప్రార్థించారు. ఆ ఐదుగురిలో ముగ్గురు ఆడవాళ్లు: జ్యూయెట్ దొరగారి భార్య, జూలియా, రూతు. జూలియా, రూతు మన తెలుగు స్త్రీలే. అయినా కథ చెప్పేవాళ్లు దొరగారి పేరు దగ్గరే ఆగిపోతారు. అమ్మ మాత్రం జూలియా, రూతుల పేర్లు వదలకుండా చెప్పేది. ఎందుకో అప్పుడు అడగలేదు.

అందుకే నా మాట ఒక్కటే. మన అమ్మలను, అత్తలను తలుచుకునేటప్పుడు మంచిది, ఓర్పు గలది అని ముగించొద్దు. ఆమె సొంతంగా తీసుకున్న ఒక నిర్ణయం చెబుదాం. దానికి ఆమె ఏం పోగొట్టుకుందో కూడా చెబుదాం. మీ అమ్మ ఇంకా ఉంటే మరీ మంచిది. ఈ సాయంత్రం పక్కన కూర్చుని, "ఎవరేమన్నా వినకుండా నువ్వు గట్టిగా నిలబడిందెప్పుడమ్మా?" అని అడగండి.

ఇది రాసి తమ్ముడికి ఫోనులో చదివి వినిపించాను. మేనత్త వచ్చిన రోజు వాడు హాస్టల్లో ఉన్నాడు. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "అమ్మ అంత మాట అందని నాకు ఎవరూ చెప్పలేదక్కా" అన్నాడు.

నిజమే. ఇన్నేళ్లూ నేనూ చెప్పలేదు.