పాత్రనెరిగిన నూనె

అమెరికాలో డ్రాగ్ రేసు అనే పందెం మిక్కిలి ప్రసిద్ధం. రెండు కార్లు నిలిచిన చోటునుండి ఒక్కసారిగా లంఘించి, తిన్నని బాటపై పావు మైలు, అనగా సుమారు 402 మీటర్లు, ఏది ముందు దాటునో తేల్చుకొనుటే అందలి సారం. 1951లో ఏర్పడిన నేషనల్ హాట్ రాడ్ అసోసియేషన్ ఈ పందేలను ఒక క్రమంలో పెట్టింది. చూపరుల కన్నులన్నీ ఇంజను మీదనే. ఆ ఇంజను బలాన్ని చక్రాలకు చేర్చే ఆటోమేటిక్ గేర్‌బాక్సును, అందలి నూనెను తలచేవారు అరుదు. ఆ నూనెను ఖరీదును బట్టి గాని, పేరును బట్టి గాని కాక, అది చేయవలసిన పనిని బట్టి ఎన్నుకోవాలని మా దృఢాభిప్రాయం.

దీనిని వట్టి కందెన అనుకోరాదు. టార్క్ కన్వర్టరులో బలాన్ని మోసేది ఇదే. ఒత్తిడితో క్లచ్ ప్లేట్లను అదిమి పట్టేది ఇదే. పుట్టిన వేడిని కూలరుకు చేరవేసేది కూడ ఇదే.

1960ల చివరి భాగంలో రెండు రకాలు వాడుకలోకి వచ్చాయి. జనరల్ మోటార్స్ వారి డెక్స్‌రాన్‌లో ఘర్షణను మృదువుగా మార్చే రసాయనాలు ఉన్నాయి. ఫోర్డు వారి టైప్ ఎఫ్‌లో అవి లేవు. మొదటిదానితో ప్లేట్లు కొంచెం జారుతూ కలుస్తాయి. గేరు మారినట్లే తెలియదు. కుటుంబంతో ప్రయాణించేవారికి అది సుఖం. పందెపు కారులో ఆ జారుడే వేడిగా మారి ప్లేట్లను మాడుస్తుంది. కనుకనే పవర్‌గ్లైడ్ వంటి పాత గేర్‌బాక్సులతో పరుగెత్తించేవారిలో పలువురు, ప్లేట్లను గట్టిగా పట్టే టైప్ ఎఫ్ జాతి నూనెను కోరుకుంటారు.

అట్లని దానిని అన్ని కార్లకూ పోయమని మేము చెప్పబోము. లాకప్ క్లచ్ ఉన్న ఆధునిక గేర్‌బాక్సులో అదే నూనె వణుకు పుట్టించవచ్చు. మరీ పలుచనైనది వేడెక్కితే ఒత్తిడి తగ్గుతుంది. మరీ చిక్కనైనది ఇంజను బలాన్ని తానే మింగుతుంది. ప్లేట్లకు ఏ పదార్థం వాడారో, ఏ నూనెను తలచి అమర్చారో గేర్‌బాక్సు కట్టిన మెకానిక్కునే అడగాలి. 'రేసింగ్' అని డబ్బాపై అచ్చువేసిన అక్షరాలు ఈ ప్రశ్నకు సమాధానం కావు.

ఇది గెలుపోటములతో ముగిసే విషయం కాదు. గేర్‌బాక్సు పగిలితే ముక్కలు డ్రైవరు కాళ్లవైపు దూసుకురావచ్చు. కాగిన నూనె సైలెన్సరు గొట్టాలపై పడి మండవచ్చు. బాటపై ఒలికితే వెనుక వచ్చే కారు జారిపోతుంది. నూనె నల్లబడి మాడు వాసన వేసినప్పుడు మార్చకుండా మరొక పరుగుకు పూనుకొనడం సాహసం కాదు, అవివేకం.

పాత్రనెరిగి దానం చేయమన్నారు పెద్దలు. నూనె విషయంలోనూ ఆ మాటే మాకు శిరోధార్యం.