అగ్గిపెట్టె మీది బొమ్మ

పైస ఖర్చు లేని సరదా పిల్లలకు ఏదైనా మిగిలియున్నదా అని ఈ కాలపు తల్లిదండ్రులు ప్రశ్నిస్తున్నారు. ప్రశ్న న్యాయమైనదే. పట్టణపు బజారులో పిల్లవాడు బొమ్మకార్డుల పొట్లం కొంటాడు. పొట్లం మూసి ఉంటుంది. లోపల ఏ ఆటగాని బొమ్మ ఉన్నదో, ఏ వింతజంతువు బొమ్మ ఉన్నదో డబ్బు చెల్లించిన పిమ్మట గాని తెలియదు. కోరిన బొమ్మ రాకపోతే మరొక పొట్లం. కార్డులు నలగకుండ వాటికి తొడిగే తొడుగులు వేరే కొనాలి. ఆ తొడుగుల మీద కూడ రంగురంగుల బొమ్మలు వేసి అమ్ముతున్నారు. కార్డుల కంటె తొడుగులే అందంగా ఉన్నవని వాటినే కూడబెట్టేవారు బయలుదేరారు. ఇది వినోదమా, లాటరీయా అని అడిగిన పెద్దలను ఛాందసులని త్రోసివేయడానికి వీలులేదు.

ఈ కార్డుల వంశం తిరగవేస్తే మొదట సిగరెట్టు పెట్టె కనబడుతుంది. 19వ శతాబ్ది చివరి భాగంలో అమెరికాలోను, ఇంగ్లండులోను సిగరెట్లు నలగకుండ పెట్టెలో ఒక అట్టముక్కను ఉంచేవారు. ఉత్త అట్ట ఎందుకని దానిమీద ఆటగాండ్ర బొమ్మలు, నటీమణుల బొమ్మలు అచ్చువేశారు. పొగ త్రాగేవాడు తండ్రి, బొమ్మ దాచుకొనేవాడు కొడుకు. ఆ అట్టముక్క సంతానం నేడు ఎంత దూరం వచ్చినదంటే, 1952లో అచ్చయిన మికీ మాంటిల్ అనే బేస్‌బాల్ ఆటగాని కార్డు ఒకటి 2022లో 1 కోటి 26 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. సేకరణ అంటే సంపన్నుల వ్యసనం అనే అపోహ ఇటువంటి వార్తల వల్లనే బలపడుతున్నది.

అరకు లోయలోని ఆశ్రమ పాఠశాల విద్యార్థికి ఆ వార్తతో పనిలేదు. అతనికి అందుబాటులో ఉన్న చిత్రశాల వేరొకటి కలదు. వారపు సంతకు కొండ దిగివచ్చినవారు పిప్పళ్ళు, పసుపు, చింతపండు, అడ్డాకులు అమ్మి, ఉప్పు, నూనె, ఎండుచేపలతో పాటు అగ్గిపెట్టెలు కూడ కొనుక్కొని పోతారు. పుల్లలు అయిపోయిన పిమ్మట ఆ పెట్టె ఎవరికీ అక్కరలేదు. పొయ్యిలోకి పోవలసిన ఆ పెట్టె మీద ఓడ ఉంటుంది, ఏనుగు ఉంటుంది, తామరపువ్వు ఉంటుంది, చిరుతపులితో కలియబడిన మనిషి ఉంటాడు. ఈ బొమ్మలను సేకరించేవారు ప్రపంచమంతట ఉన్నారు. 1943లో ఇంగ్లండులో ఈ వ్యాపకానికి ‘ఫిలుమెనీ’ అని గంభీరమైన పేరు కూడ పెట్టారు. పేరు అక్కరలేదు గాని, వ్యాపకం మన బడులలోకి రాదగినదని మా అభిప్రాయం.

అసలు అగ్గిపెట్టె మీద బొమ్మ ఎందుకు వచ్చినది? అలంకారం కోసం కాదు, చదువురాని కొనుగోలుదారు కోసం. అక్షరం చదవలేనివాడు ‘ఓడ పెట్టె ఇయ్యి, పులి పెట్టె ఇయ్యి’ అని అడగగలడు. వర్తకుడు మోసగించి మరొక పెట్టె ఇస్తే వెంటనే పట్టుకొనగలడు. అందుచేతనే మన దేశానికి సరుకు పంపిన విదేశీయులందరు ఈ బొమ్మల విషయంలో మిక్కిలి శ్రద్ధ వహించారు. 20వ శతాబ్ది తొలి దశాబ్దాలలో స్వీడను నుండి, జపాను నుండి వచ్చిన పెట్టెల మీద మన దేవతలు, మన ఏనుగులు ఉండేవి. ఎన్నడూ ఏనుగును చూడని జపాను చిత్రకారుడు వేసిన ఏనుగును మన పల్లెటూరివాడు నమ్మి కొన్నాడు. (పిదప 1960ల దశకంలో ఇదే అరకు కొండలను తొలిచి కొత్తవలస–కిరండూలు రైలుమార్గం వేసినది బైలదిల్లా ఇనుపరాయిని జపానుకు పంపడానికే. అగ్గిపెట్టె అక్కడి నుండి రావడం, కొండరాయి అక్కడికి పోవడం! వాణిజ్య చరిత్రలోని ఇటువంటి చమత్కారాలను పాఠ్యగ్రంథాలు చెప్పవు.)

మన దేశంలో ఈ పరిశ్రమ కుదురుకొన్న కథ కూడ చదువదగినది. అయ్య నాడార్, షణ్ముగ నాడార్ అనే ఇద్దరు బంధువులు 1922లో కలకత్తా వెళ్ళి అగ్గిపుల్లల తయారీ నేర్చుకొని వచ్చారు. వానలు లేని శివకాశిలో వ్యవసాయం సాగదు. పుల్లలు ఆరడానికి మాత్రం ఆ ఎండ వరమైనది. పుల్లల వెనుక పెట్టెలు, పెట్టెల వెనుక చీటీలు, చీటీల వెనుక అచ్చుయంత్రాలు వచ్చినవి. నేడు మన గోడలకు వ్రేలాడే క్యాలెండర్లలో అనేకం శివకాశిలో అచ్చయినవంటే అందుకు మూలం జానెడు కూడ లేని ఈ చీటీయే. 1923లో స్వీడను కంపెనీవారు బొంబాయి ప్రాంతంలో విమ్కో అనే పెద్ద కర్మాగారాన్ని స్థాపించారు. యంత్రాలవారికి, చేతిపనివారికి మధ్య పోటీ సాగినంతకాలం బొమ్మలకు కరువు లేకపోయింది. పేరులేని ప్రతి చిన్న తయారీదారు ఒక కొత్త గుర్తును వెదుక్కొనవలసి వచ్చినది.

ఇక బడికి వస్తాము. తూర్పు కనుమలలోని పాఠశాలలో ఒకటవ తరగతి ఉపాధ్యాయుని కష్టం మైదానంలోని ఉపాధ్యాయునికి తెలియదు. ఎదుట కూర్చున్నవారిలో ఒకరి ఇంటిమాట కువి, ఒకరిది ఆదివాసీ ఒరియా, మరొకరిది కొండ భాష. చేతిలోని వాచకం తెలుగు. ఈ చిక్కును గుర్తించియే ప్రభుత్వం 2004 ప్రాంతంలో ఎనిమిది గిరిజన భాషలలో మాతృభాషా బోధనను ఆరంభించినది. అది మెచ్చదగిన ప్రయత్నం. అయితే అన్ని బడులకు అన్ని భాషల పుస్తకాలు, ఆ భాష వచ్చిన ఉపాధ్యాయులు సమకూడే వరకు బల్లమీద ఏమి పెట్టాలి?

అగ్గిపెట్టె బొమ్మలు పెట్టవచ్చునని మేము చెబుతున్నాము. భాషలు వేరైనవారి మధ్య అమ్మకం సాగడానికి పుట్టిన బొమ్మ, భాషలు వేరైనవారి మధ్య పాఠం సాగడానికి పనికిరాదా? ఏనుగు బొమ్మను చూపితే ముగ్గురు పిల్లలు మూడు పేర్లు చెబుతారు. నాలుగవ పేరు ఉపాధ్యాయుడు చెబుతాడు. నాలుగింటిని తెలుగు లిపిలో నల్లబల్ల మీద వ్రాస్తే ఆ పూట పాఠం అయినట్లే. ఇందులో ముఖ్యమైన సంగతి ఒకటి ఉన్నది. ఆ మూడు మాటల విషయంలో పిల్లలే గురువులు, ఉపాధ్యాయుడే విద్యార్థి. బడికి వచ్చిన నాటి నుండి తన మాట తప్పని విన్న పిల్లవానికి, తన మాటను అయ్యవారు అడిగి వ్రాసుకొనడం ఎటువంటి అనుభవమో ఊహించండి. నడుమ బడి మానివేసేవారిలో కొందరినైనా నిలబెట్టేది ఇటువంటి గౌరవమే.

పై తరగతులకు పెట్టె రెండవ వైపు ఉపయోగిస్తుంది. అక్కడ తయారైన ఊరు ఉంటుంది: శివకాశి, సాత్తూరు, కోవిల్‌పట్టి, చిత్తూరు సరిహద్దుకు దగ్గరనున్న గుడియాత్తం. దేశపటంలో ఆ ఊళ్ళను వెదకమనండి. ధర ఉంటుంది: అర్ధరూపాయి ఉన్న పెట్టె 2007లో రూపాయి అయినది, 2021 డిసెంబరు 1న రెండు రూపాయలు అయినది. పదునాలుగేండ్లు ఒకే ధర ఉండిన వస్తువు మన సంతలో మరొకటి ఏది అని అడిగితే అర్థశాస్త్రం తానే మొదలవుతుంది. ప్రక్కన గీసే పట్టీలో ఎర్ర భాస్వరం, పుల్ల తలలో పొటాసియం క్లోరేటు ఉంటాయి. రెండు కలిస్తేనే మంట. ఇది విజ్ఞానశాస్త్ర పాఠం. ఈ పాఠం చెప్పిన వెంటనే, ఖాళీ పెట్టెలే సేకరించాలి గాని పుల్లలున్న పెట్టెను పిల్లలు ముట్టరాదని గట్టిగా చెప్పడం కూడ ఉపాధ్యాయుని విధి. సారా సీసాల చీటీలు, బీడీకట్టల చీటీలు బొమ్మలు బాగున్నప్పటికీ బడి పుస్తకంలోకి రానక్కరలేదు. అగరువత్తుల పెట్టెలు, టీ పొట్లాలు వచ్చినా అభ్యంతరం లేదు.

ఒక చేదు నిజాన్ని ఇక్కడ దాచరాదు. ఈ చీటీలలో పాతవి అనేకం పిల్లల చేతులతో అంటించినవి. శివకాశి ప్రాంతంలో చదువుకొనే వయస్సువారు పుల్లలు పేర్చడం, పెట్టెలు మడవడం, చీటీలు అంటించడం చాలకాలం సాగినది. అగ్గిపెట్టెల తయారీలో 14 ఏండ్లలోపు పిల్లలను నియమించడాన్ని 1986 నాటి చట్టం నిషేధించినది. అటుపిమ్మట కూడ సుప్రీంకోర్టు శివకాశి పిల్లల విషయమై 1996లో తీర్పు చెప్పవలసి వచ్చినది. అందమైన పాత చీటీ దొరికినప్పుడు దానిని అంటించినవాడు తన వయస్సువాడే కావచ్చునని పై తరగతి విద్యార్థికి తెలియాలి. కొండలలో కూడ పశువుల వెంట, కూలిపనుల వెంట పోయి బడికి దూరమైనవారు ఉన్నారు. ఆ విద్యార్థికి ఈ సంగతి వేరే బోధించనక్కరలేదు.

ఈ వ్యాపకానికి కాలవ్యవధి కూడ తక్కువగా కనబడుతున్నది. పలుచని కొయ్యరేకు పెట్టె మీద విడిగా అచ్చయిన చీటీని అంటించే పద్ధతి దాదాపు పోయినది. ఇప్పుడు అట్టమీదనే బొమ్మ అచ్చువేస్తున్నారు. ప్లాస్టిక్ లైటర్లు సంతలకు ఎక్కినవి. అగ్గిపెట్టెల పరిశ్రమ మొర విని ప్రభుత్వం 20 రూపాయలలోపు విదేశీ లైటర్ల దిగుమతిని 2023లో నిషేధించినది. అంతమాత్రాన పాత బొమ్మలు తిరిగివస్తాయని ఆశపడలేము. చెకుముకిరాయి తరువాత అగ్గిపుల్ల వచ్చినట్లే, అగ్గిపుల్ల తరువాత మరొకటి వస్తుంది. దొరికినవి దొరికినప్పుడే దాచుకొనాలి.

దాచే పద్ధతి సులభం. పాత చీటీ అయితే పెట్టెను గోరువెచ్చని నీటిలో కొంతసేపు నాననివ్వాలి. చీటీ తానే ఊడివస్తుంది, గోళ్ళతో గీకరాదు. వార్తాపత్రికల నడుమ పెట్టి బరువుంచి ఆరబెట్టాలి. అరకులో వానకాలం, చలికాలపు పొగమంచు ఈ పనికి శత్రువులు. వేసవి ఎండలో ఆరినవే మన్నుతాయి. కొత్త అట్టపెట్టె అయితే గీసే పట్టీని కత్తిరించివేసి మిగిలినదాన్ని చదునుచేస్తే చాలును. చీటీ మొత్తానికి బంక పూయకుండ పై అంచు మాత్రమే నోటుపుస్తకంలో అంటించాలి. క్రింద ఏ సంతలో, ఏ నెలలో దొరికినదో, ధర ఎంతో, బొమ్మ పేరు ఏయే భాషలలో ఏమో వ్రాయాలి. ఈ నాలుగు ముక్కలు వ్రాయని సేకరణ చిత్తుకాగితాల కుప్ప. వ్రాసినది ఊరి చరిత్రకు ఆధారం. రెండేసి ఉన్నవాటిని మరొక బడివారితో మార్చుకొనవచ్చు. అరకు బడికి, గోదావరి తీరపు బడికి మధ్య ఒక తపాలా కవరు నడిస్తే కొండపిల్లవానికి పడవ సంగతి, డెల్టా పిల్లవానికి కాఫీతోట సంగతి తెలుస్తుంది.

చివరగా ఉపాధ్యాయులకు ఒక మనవి. ఇన్ని వందల చీటీలలో ఓడలు, పులులు, తామరలు, సినిమా తారలు ఉన్నారు గాని, థింసా ఆడే వరుస ఎక్కడైనా కనబడుతుందా? గదబ స్త్రీలు నేసిన చారల చీర కనబడుతుందా? ఈ లోపాన్ని శివకాశివారు తీర్చనక్కరలేదు. సవరల ఇంటిగోడల మీద చిత్రాలు వేసిన కొండలివి. ఇక్కడి పిల్లల చేతికి బొమ్మ క్రొత్త కాదు. సేకరణ పుస్తకంలో చివరి పది పేజీలు ఖాళీగా ఉంచి, అగ్గిపెట్టె ప్రమాణంలో గడులు గీసి, తమ ఊరికి గుర్తుగా ఒక పెట్టె తయారయితే దానిమీద ఏ బొమ్మ ఉండాలో వారినే వేయమనండి. పేరు ఏ భాషలో పెట్టాలో కూడ వారినే నిర్ణయించనివ్వండి.