ఆఖరి ఆదివారం, ఒక ఎద్దు ఫొటో

ఆరు వారాల ఆన్‌సైట్ అయిపోయింది. ఇన్నాళ్లూ సావో పౌలోలో నేను చూసిందల్లా ఆఫీసు, హోటల్, ఆ రెండింటి మధ్య ట్రాఫిక్. అర్ధరాత్రి దాటాక దోహా మీదుగా ఫ్లైట్. చేతిలో మిగిలింది ఒక్క ఆదివారం. ఫోన్‌లో లిస్టు రాసుకున్నా: పౌలిస్టా రోడ్డు, జపాన్ వాళ్ల పేట, పాత మార్కెట్. నాలుగోది మాత్రం కంకిపాడు నుంచి తాతయ్య చేర్పించింది. "ఏరా, అక్కడ మన ఎడ్లుంటాయంట కదా. ఒక ఫొటో తీసి పంపు."

ఆయన ఊరికే అడగలేదు. 2023లో బ్రెజిల్‌లో వియాటినా-19 అనే ఆవుకి మన లెక్కలో 35 కోట్లకు పైనే విలువ కట్టారని టీవీలో చూశాడు. అది మన ఒంగోలు జాతే. అక్కడ 'నెలోరి' అంటారు. ఒకప్పుడు ఒంగోలు ప్రాంతం నెల్లూరు జిల్లాలో ఉండేది, ఆ పేరే అతుక్కుపోయింది. 1960ల్లో ఇక్కడి నుంచి వెళ్లిన ఎడ్లలో ఒకదాని పేరు కరవది, మన ఒంగోలు పక్క ఊరి పేరే. ఇంకోదాని పేరు గోదావరి! ఇప్పుడు ఆ దేశంలో 20 కోట్లకు పైగా పశువులుంటే, ఎక్కువ భాగం ఈ రక్తమే.

కానీ అవన్నీ ఎక్కడో వందల కిలోమీటర్ల అవతల పొలాల్లో. కోటికి పైగా జనం ఉన్న ఈ సిటీలో ఎద్దుని ఎక్కడ వెతకను?

పొద్దున్నే పౌలిస్టా వెళ్లా. ఆదివారం అక్కడ కార్లు బంద్. మన బందరు రోడ్డు మీద బెంజ్ సర్కిల్ దగ్గర ఒక్క రోజు బళ్లన్నీ ఆపేసి, పిల్లలకి సైకిళ్లిచ్చి వదిలేస్తే ఎలా ఉంటుందో ఊహించుకోండి, అదే సీను. మధ్యలో మాస్ప్ మ్యూజియం. లీనా బో బార్డి అనే ఆర్కిటెక్ట్ డిజైన్ చేస్తే 1968లో తెరిచారు. ఎర్రటి దూలాలకి బిల్డింగ్ మొత్తం వేలాడుతుంటుంది, కింద 74 మీటర్ల మేర ఒక్క స్తంభం లేదు. ఆ నీడలో పాత సామాన్ల సంత. ఇత్తడి గంటలు కూడా ఉన్నాయి గానీ ఎద్దు లేదు.

మెట్రో ఎక్కి లిబెర్దాదె వెళ్లా. 1908లో కసాటో మారు అనే ఓడలో 781 మంది జపాన్ వాళ్లు కాఫీ తోటల్లో పనికి ఈ దేశం వచ్చారు. తర్వాత తర్వాత ఈ పేట వాళ్లదైంది. వీధి బండి దగ్గర చీజ్ పెట్టి వేయించిన పాస్తెల్ తిని, నిమ్మకాయ పిండిన చెరుకు రసం తాగా. ఉయ్యూరు చెరుకు బళ్ల వెనక పరిగెత్తి గడలు లాక్కున్న రోజులు గుర్తొచ్చాయి. ఆ బళ్లకి కట్టినవీ ఎడ్లే.

అక్కడి నుంచి రెండు స్టేషన్లు వెళితే సావో బెంతో. దిగి నడిస్తే మున్సిపల్ మార్కెట్, 1933 నాటిది. రంగు అద్దాల కిటికీలు, గుట్టలుగా పళ్లు, రుచి చూడమని ముక్కలు కోసి చేతిలో పెట్టేసే వాళ్లు. సంబరంగా ఫొటోలు తీసుకుంటూ ఒక మలుపు తిరిగా. మాంసం కొట్టు. అద్దం వెనక ఎర్రటి ముక్కలు, పైన చిన్న కాగితం. దాని మీద ఉంది: నెలోరి.

అలా నిలబడిపోయా.

మా ఇంట్లో ఒంగోలు జత ఉండేది, పెద్దోడు, చిన్నోడు. తాతయ్య మూపురం మీద చెయ్యేస్తే కదలకుండా నిలబడేవి. నేను మూడో క్లాసులో ఉండగా ట్రాక్టర్ కొన్నారు. ఎడ్లని సంతకి తోలుకెళ్లారు.

గూగుల్‌లో మంచి తెల్లటి ఎద్దు ఫొటో ఒకటి దింపి "ఇదిగో తాతయ్యా" అని పంపేద్దామనుకున్నా. పంపే బటన్ దాకా వెళ్లా. ఆరు వారాల్లో ఆయన నన్ను అడిగింది ఇదొక్కటే. వేలు ఆగిపోయింది. ఫోన్ చేశా. అక్కడ రాత్రి తొమ్మిది.

"కనిపించాయిరా?"

"కనిపించాయి తాతయ్యా. బతికున్నవి కాదు. మాంసం కొట్లో, పేరు రాసుంది. ఇక్కడ ఎక్కువగా వీటిని పెంచేది అందుకేనట."

కాసేపు ఏమీ అనలేదు. తర్వాత రైతు అడిగే మాటే అడిగాడు. "కిలో ఎంత?"

చెప్పా.

"మన పెద్దోణ్ణీ చిన్నోణ్ణీ కొన్న బేరగాణ్ణి, ఎక్కడికి తోలుకెళ్తున్నావని నేను అడగలేదురా. అడిగితే చెప్తాడేమోనని అడగలేదు."

నాకేం మాట్లాడాలో తెలియలేదు. వెనకాల ఎవరో పళ్లు అమ్ముతూ అరుస్తున్నారు.

"సరే, ఆ కాగితమే ఫొటో తీసి పంపు" అన్నాడు.

"ఎందుకు తాతయ్యా, అది..."

"పంపమన్నానా."

పంపా. నీలం టిక్కులు వెంటనే పడ్డాయి. ఇంటికొచ్చాక చూస్తే పౌలిస్టా, మాస్ప్ ఫొటోలు ఒక్కటీ తెరవలేదు. ఆ కాగితం ఫొటో మాత్రం ఫోన్‌లో సేవ్ చేసుకుని ఉంది.