ముందు గాయం, వెనక గాయం

మొన్న మా అమ్మాయి కాలేజీ పుస్తకాల్లో 'మాక్బెత్' కనిపించింది. పొయ్యి మీద కూర పెట్టి, ఊరికే నాలుగు పేజీలు తిరగేద్దామని కూర్చున్నాను. కూర మాడింది. అంతకన్నా ఎక్కువగా నా ఒళ్ళు మండింది.

మాక్బెత్ మీద కాదు లెండి. ఆయన దుర్మార్గుడని అందరికీ తెలిసిందే. నా కోపమల్లా చివరి అంకంలో వచ్చే సీవార్డ్ అనే పెద్దమనిషి మీద. నేను బి.ఏ. చదివే రోజుల్లో మా లెక్చరరుగారు ఈయన్ని నెత్తిన పెట్టుకుని ఊరేగించారు. తండ్రంటే అలా ఉండాలని బల్ల గుద్ది చెప్పారు. పరీక్షలో నేనూ అదే రాశాను, మార్కులూ వేశారు. ఆ పాపం ఇప్పుడు కడుక్కుంటున్నాను.

కథ మర్చిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కలు. స్కాట్లండు రాజు డంకన్‌ని చంపి మాక్బెత్ గద్దె ఎక్కుతాడు. డంకన్ కొడుకు మాల్కమ్ ఇంగ్లండు పారిపోయి, పదివేల సైన్యంతో తిరిగొస్తాడు. ఆ సైన్యానికి నాయకుడు సీవార్డ్. మాల్కమ్ ఆయన్ని అంకుల్ అంటాడు. మామయ్యో బాబాయో, ఇంగ్లీషువాళ్ళకి అన్నింటికీ ఒకటే మాట కదా! ఆయన వెంట కొడుకూ వస్తాడు, ఇంకా మీసాలైనా సరిగ్గా మొలవని కుర్రాడు. నాటకంలో పాపం వాడికి సొంత పేరు కూడా లేదు. చిన్న సీవార్డ్, అంతే.

ఆ పిల్లాడు మాక్బెత్‌కి ఎదురుపడతాడు. ఆ పేరు విని కూడా జంకడు. కత్తి దూస్తాడు, చచ్చిపోతాడు. వీడూ ఆడదాని కడుపున పుట్టినవాడేనని మాక్బెత్ తేలిగ్గా అనేసుకుంటాడు. ఆడదాని కడుపున పుట్టినవాడెవడూ తనని ఏమీ చెయ్యలేడని మంత్రగత్తెల గుహలో విన్న మాట ఆయన ధైర్యం మరి. చివరికి ఆయన్ని చంపే మాక్డఫ్, నెలలు నిండకుండా తల్లి కడుపు కోసి తీసినవాడు. అంటే ఈ కుర్రాడు చేసుకున్న నేరమేమిటి? వాళ్ళమ్మ అందరు తల్లుల్లాగే వాణ్ణి కనడం! ఆవిడ ప్రసక్తి నాటకం మొత్తం మీద అక్కడొక్కచోటే, అదీ వెక్కిరింతగా.

ఇక తండ్రిగారి సంగతి. కొడుకు పోయాడని ఇంకా తెలియదు. ఇంత గొప్ప గెలుపు చవకగానే వచ్చిందని లెక్క చెబుతుంటాడు. చవకట! కూరల బండి దగ్గర బేరం కుదిరినట్టు. అంతలో రాస్ అనే ఆయన కబురు చెబుతాడు. అప్పుడు ఈ తండ్రి అడిగే ప్రశ్న, గాయాలు ముందు తగిలాయా అని. అవునంటే సరి, దేవుడి సైనికుడయ్యాడని తృప్తి. తల మీద వెంట్రుకలన్ని కొడుకులున్నా ఇంతకన్నా మంచి చావు కోరనంటాడు. వీడి కోసం ఇంకా దుఃఖపడాలి, ఆ పని నేను చేస్తానని మాల్కమ్ అంటే, అక్కర్లేదు, బాకీ తీర్చుకుని వెళ్ళాడని ఖాతా మూసేస్తాడు. ఒకవేళ గాయం వెనక తగిలి ఉంటే? వాడు కొడుకు కాకుండా పోయేవాడా?

లోపల కుమిలిపోయి ఉంటాడు, మగవాడు బయటికి ఏడుస్తాడా అంటారు మీ వారు. మా వారూ అదే అన్నారు. మరి అదే నాటకంలో మాక్డఫ్ ఉన్నాడే! పెళ్ళాన్నీ పిల్లల్నీ చంపేశారన్న కబురు మోసుకొచ్చిందీ ఈ రాస్ గారే. పిల్లలందరూనా అని మాక్డఫ్ మళ్ళీ మళ్ళీ అడుగుతాడు. మగాడిలా తట్టుకోమని మాల్కమ్ అంటే, తట్టుకుంటాను, కానీ మగాడిలా బాధ కూడా పడాలి కదా అంటాడు. ఆయనేం తక్కువ వీరుడా? మన భారతంలో అభిమన్యుడు పోతే అర్జునుడు ఏడవలేదా? ఆడవాళ్ళు యుద్ధభూమికి వచ్చి ఏడవడానికి వ్యాసుడు ఒక పర్వమే ఇచ్చాడు.

మా అన్నయ్య పందొమ్మిదో ఏట కామెర్లతో పోయాడు. నాన్నగారు కన్నీటి చుక్క రాల్చలేదు. వచ్చినవాళ్ళంతా ఎంత ధైర్యమని మెచ్చుకున్నారు, అమ్మని మాత్రం ఊరుకోమన్నారు. ఆ తరవాత పదకొండేళ్ళు మా ఇంట్లో అన్నయ్య పేరు ఎవరూ ఎత్తలేదు. నాన్నగారి ఎదుట ఎత్తడానికి భయం. ఆ మెప్పు ఖరీదు మాకు తెలుసు.

ఇది షేక్స్పియర్ కల్పన కూడా కాదు. అసలు సీవార్డ్ 1054లో మాక్బెత్ మీద యుద్ధానికి వెళ్ళాడు, కొడుకు ఓస్బియర్న్ అందులో పోయాడు. ముందు గాయమా వెనక గాయమా అన్న ముచ్చట పన్నెండో శతాబ్దంలోనే హెన్రీ అనే చరిత్రకారుడు రాసిపెట్టాడు. 1055లో సీవార్డ్‌కి విరేచనాలు పట్టుకుంటే, ఆవులా మంచంలో చావడం సిగ్గని కవచం తొడిగించుకుని పోయాడట. ఆయన చావు ఆయనిష్టం. పక్కవాడి చావుకి కూడా అదే కొలబద్దా?

చివర్లో మాల్కమ్ రాజవుతాడు. వెంట నిలిచినవాళ్ళకి కొత్త బిరుదులు పంచుతాడు. దుఃఖం తానే పడతానన్న ఆ పెద్దమనిషి, ఆ ఆఖరి ప్రసంగంలో కుర్రాడి ఊసే ఎత్తడు.

నార్తంబర్లండులో ఆ తల్లికి కబురు ఎవరు చేరవేశారో! రాస్ గారే వెళ్ళాడేమో, ఇలాంటి కబుర్లు మొయ్యడం ఆయనకి అలవాటేగా. గాయం ముందా వెనకా అని మాత్రం ఆవిడ అడిగి ఉండదు. వాడు పొద్దున ఏమన్నా తిని బయల్దేరాడా అని అడిగుంటుంది.