కళావరు ఆసు

పేకముక్కల్లో మనం కళావరు అనేదాన్ని ఇంగ్లీషువాళ్లు క్లబ్స్ అంటారు. రాత్రిపూట జనం చేరి తాగి, పాటలు విని, డాన్స్ చేసే చోటుకూ వాళ్ల భాషలో అదే మాట. ఈ రెండర్థాలనూ ముడివేసి నోయల్ కవర్డ్ 1950లో తన సంగీత నాటకానికి ‘ఏస్ ఆఫ్ క్లబ్స్’ అని పేరు పెట్టాడు. మన మాటల్లో చెప్పాలంటే కళావరు ఆసు. లండన్‌లోని సోహో పేటలో అదే పేరుతో ఉన్న ఒక నైట్‌క్లబ్ ఈ కథకు ఇల్లు. 1950 జూలై 7న కేంబ్రిడ్జ్ థియేటర్‌లో తెర లేచింది. 211 ప్రదర్శనలయ్యాక దించేశారు. అదే కవర్డ్ 1929లో రాసిన ‘బిటర్ స్వీట్’ లండన్‌లో 697 సార్లు ఆడింది. ఈ అంకెలు పక్కపక్కన పెట్టి, నాటక చరిత్రలు ‘ఏస్ ఆఫ్ క్లబ్స్’ను ఒకటి రెండు వాక్యాల్లో దాటేస్తుంటాయి. అలా దాటేయకూడని నాటకం ఇది. ఇందులో తప్పిన చోటు నుంచీ, నిలిచిన చోటు నుంచీ కూడా నాటకం రాసేవాళ్లు నేర్చుకోవలసింది ఉంది.

అప్పటి లండన్‌ను ఒకసారి తలుచుకోవాలి. యుద్ధం ముగిసి ఐదేళ్లయినా మాంసం, టీ, పంచదార ఇంకా రేషన్ మీదే. పెట్రోలు రేషన్ ఎత్తేసి అప్పటికి రెండు నెలలు కూడా కాలేదు. కరువున్న చోట దొంగ బజారు పుడుతుంది. సోహో సందుల్లో నైలాన్ మేజోళ్లూ సిగరెట్లూ విస్కీ సీసాలూ చాటుమాటుగా అమ్మే కుర్రాళ్లను జనం స్పివ్‌లు అనేవారు. క్లబ్బులదీ దొడ్డిదారి బతుకే. వేళ దాటాక మద్యం అమ్మకూడదని చట్టం. దాన్ని తప్పించుకోవడానికి 1930లలో ‘బాటిల్ పార్టీ’ అని ఒక ఉపాయం కనిపెట్టారు. ఖాతాదారు ముందే ఫలానా దుకాణంలో సీసాకు ఆర్డరిచ్చినట్టు కాగితం ఉంటుంది. క్లబ్బువాడు ఆయన సీసాను ఆయనకే తెచ్చి పోస్తున్నాడన్నమాట! అంతకుముందు తరంలో జెరార్డ్ వీధి 43వ నంబరు ఇంట్లో క్లబ్బు నడిపిన కేట్ మేరిక్ ఈ మద్యం చట్టాల కిందే ఒకటికి నాలుగుసార్లు జైలుకెళ్లింది. కేంబ్రిడ్జ్ థియేటర్ ఉన్నది సెవెన్ డయల్స్‌లో. చేరింగ్ క్రాస్ రోడ్డు దాటితే సోహోయే. నాటకం చూసి బయటికొచ్చినవాళ్లు పది నిమిషాలు నడిస్తే నాటకంలో చూసిన బతుకు నిజంగానే ఎదురయ్యేది.

కథ చాలా తేలిక. క్లబ్బులో పాడే పింకీ లెరాయ్ అనే అమ్మాయికీ, హ్యారీ హార్న్‌బీ అనే నావికుడికీ మనసు కలుస్తుంది. ఈ లోగా దొంగ నగల పొట్లం ఒకటి చేతులు మారుతుంది. దాని వెనక రౌడీలు, వాళ్ల వెనక పోలీసులు. పింకీగా పాట్ కర్క్‌వుడ్, హ్యారీగా గ్రాహం పేన్ చేశారు. క్లబ్బు యజమానురాలు రీటా పాత్ర సిల్వియా సెసిల్‌ది. తర్వాతి కాలంలో బ్రిటిష్ రేడియో, టీవీ హాస్యంలో ఇంటింటి పేరైన జూన్ విట్‌ఫీల్డ్ ఇందులో చిన్న వేషం వేసింది.

నైట్‌క్లబ్ సంగీత నాటకానికి చాలా పెద్ద సాయం చేస్తుంది. సంగీత నాటకం రాసే ప్రతివాడికీ ఎదురయ్యే చిక్కు ఒకటుంది. మాట్లాడుతున్న మనిషి ఉన్నట్టుండి ఎందుకు పాడాలి? పొలాల్లోనో ఆఫీసులోనో కథ పెడితే ఆ ప్రశ్నకు ప్రతిసారీ జవాబు వెతుక్కోవాలి. క్లబ్బులో ఆ బెడద లేదు. పాడటం పింకీ ఉద్యోగం. దీపం వెలిగితే పాడుతుంది, చప్పట్లయ్యాక జీతం తీసుకుంటుంది. అసలు అందం ఆ తర్వాత ఉంది. జీతానికి పాడే పాట ఒకటి, మనసు ఆగక పాడే పాట ఇంకొకటి. ఒకే క్లబ్బులో రెండూ వినిపించినప్పుడు, ఏది ఉద్యోగమో ఏది మనసుదో ప్రేక్షకుడు తనంతట తనే పసిగడతాడు. నెపోలియన్ భార్య మీద అల్లిన ‘జోసెఫీన్’ కొలువు పాట. రీటా ఒంటరిగా పాడే ‘నథింగ్ కెన్ లాస్ట్ ఫరెవర్’ లోపలి పాట. ఈ రెంటి మధ్య దూరాన్ని కవర్డ్ మాటల్లో ఎక్కడా వివరించడు. రాగమే చెబుతుంది.

ఈ నాటకంలో పిల్లి పాట ఒకటుంది, దాని గురించి కొంచెం తీరిగ్గా చెప్పాలి. దాని పేరు ‘చేజ్ మీ, చార్లీ’. ఒక ఆడపిల్లి తన చార్లీని రమ్మని పిలుస్తుంది, అంతే. పాట పొడవునా పిల్లి పిల్లిగానే ఉంటుంది. చంటిపిల్లలు విన్నా పిల్లి పాటే. పెద్దవాళ్లకు ఎందుకు నవ్వొస్తుందో పాట ఎక్కడా చెప్పదు. ఆ గుట్టును మొదటినుంచి చివరిదాకా చెదరనీయకుండా పట్టి ఉంచడం సామాన్యమైన పనితనం కాదు. ద్వ్యర్థి కావ్యాలు రాసుకున్న భాష మనది, ఆ కష్టం మనకు తెలుసు.

పని కట్టుకుని అలా దాచి రాయడానికి ఒక కారణముంది. బ్రిటన్‌లో 1968 దాకా ఏ కొత్త నాటకం ఆడాలన్నా లార్డ్ ఛాంబర్లిన్ కచేరీకి ప్రతి పంపి, వాళ్లు ఒప్పుకున్నాకే ఆడాలి. ఆ కచేరీ నియమాలు ఎంత దూరం వెళ్లాయంటే, సోహోలోని విండ్‌మిల్ థియేటర్‌లో బట్టలు లేని అమ్మాయిలు రంగస్థలం మీద నిలబడొచ్చు, కదలకూడదు. శిల్పంలా ఉన్నంతసేపు కళ, వేలు కదిపితే నేరం. బ్రిటిష్ ప్రభుత్వమే 1876లో మన నాటకాల మీదా ఒక చట్టం తెచ్చి కూర్చోబెట్టింది. దాని బారిన పడ్డ భారతీయ భాషల్లో తెలుగూ ఉంది కనుక, కవర్డ్ పిల్లిని పాడించిన తెలివి మనకు పరాయిదిగా అనిపించదు.

మరి నాటకం ఎందుకు తేలిపోయింది? దీనికి పోటీ మీద నెపం వేయడం సులువు. 1947లో డ్రూరీ లేన్‌లో దిగిన ‘ఓక్లహోమా!’ లండన్ ప్రేక్షకుడి రుచినే మార్చేసింది. ‘ఏస్ ఆఫ్ క్లబ్స్’కు సరిగ్గా నెల ముందు అదే డ్రూరీ లేన్‌లో ‘కరోసెల్’ మొదలైంది. ఇదంతా నిజమే. కానీ లోటు లోపలే ఉంది. అది భాషలో ఉంది.

ఆ ఏడాదే నవంబరులో, అంటే నాలుగు నెలల తేడాతో, న్యూయార్క్‌లో ‘గైస్ అండ్ డాల్స్’ వచ్చింది. సరుకు దాదాపు ఒక్కటే. జూదగాళ్లు, పోలీసులు, హాట్ బాక్స్ అనే నైట్‌క్లబ్, అందులో పాడే అడెలైడ్. పద్నాలుగేళ్లుగా నిశ్చితార్థంతోనే ఆగిపోయిన పెళ్లి కోసం ఎదురుచూసి ఎదురుచూసి ఆమెకు జలుబు పట్టుకుంది. ఆ జలుబు కూడా ఒక పాటే! డేమన్ రన్యన్ కథల్లోంచి వచ్చిన ఆ జూదగాళ్లకు తమదైన భాష ఉంది. బడికి పోనివాడు మర్యాదస్తుడిలా మాట్లాడబోయినప్పుడు పుట్టే భాష అది, వింటే ఇంకెవరిదీ కాదని తెలుస్తుంది. కవర్డ్ రౌడీలకు అలాంటిది లేదు. వాళ్లు నోరు తెరిస్తే వినపడేది కవర్డే. వాక్యం చివర విరుపు అతనిది, చమత్కారం అతనిది. టోపీలు మాత్రం సోహోవి. మధురవాణి ఒకలా, గిరీశం ఒకలా, అగ్నిహోత్రావధాన్లు మరొకలా మాట్లాడగా విని పెరిగిన తెలుగు పాఠకుడు ఈ లోటును మొదటి రంగంలోనే పట్టేస్తాడు.

కవర్డ్‌కు సామాన్యుల భాష చేతకాదని అనలేం. ‘దిస్ హ్యాపీ బ్రీడ్’లో లండన్ క్లాపమ్ ప్రాంతపు మధ్యతరగతి ఇంటిని చెవి నిండా విని రాశాడు. సోహోను మాత్రం కుర్చీలో కూర్చుని చూసినవాడిలా రాశాడు. ఆ పేట సంగతి లోపలినుంచి చెప్పేవాళ్లు రావడానికి మరో ఎనిమిది, తొమ్మిదేళ్లు పట్టింది. 1958లో ‘ఎక్స్‌ప్రెసో బాంగో’, 1959లో ‘ఫింగ్స్ ఎయింట్ వాట్ దే యూస్డ్ టు బీ’ వచ్చాయి. రెండోదాని సంభాషణలు రాసిన ఫ్రాంక్ నార్మన్ జైలులో గడిపి వచ్చినవాడు. ఆ నాటకం పేరులోనే వీధి ఉచ్చారణ ఉంది. దొంగల మాట, జూదపు కొంపల మాట మొహమాటం లేకుండా వేదికెక్కాయి. అయినా ఆ దారిలో ముందుగా అడుగు వేసినవాడు కవర్డే. యాభై ఏళ్లు వచ్చినవాడు, సంపన్నుల ఇళ్లల్లో కథలు నడిపి పేరు తెచ్చుకున్నవాడు, అది వదిలి దొంగ బజారు సందులోకి రావడం చిన్న సాహసం కాదు. అతని పాత పోటీదారు ఐవర్ నొవెల్లో అప్పటికి ఇంకా రాజుల కథే ఆడిస్తున్నాడు, హాలు నిండుతూనే ఉంది.

నాటకం ఆగిపోయాక పాటలు ఆగలేదు. హ్యారీ నోట పెట్టిన ‘సెయిల్ అవే’ను కవర్డ్ పదకొండేళ్ల తర్వాత బయటికి తీసి, దాని పేరుతోనే 1961లో బ్రాడ్వేలో కొత్త నాటకం నడిపించాడు. జాషువా స్మశాన పద్యాలు ఖండకావ్యంలోంచి నడిచి వచ్చి హరిశ్చంద్ర కాటిసీనులో స్థిరపడ్డాయి కదా. మంచి పాట అలా తనకు తగిన ఇల్లు తానే వెతుక్కుంటుంది.

కవర్డ్ కూడా అలాగే ఇల్లు మారాడు. వేదిక మీద కట్టిన నైట్‌క్లబ్ మూతబడ్డ 1951లోనే నిజం నైట్‌క్లబ్‌లోకి దిగాడు. కావెంట్రీ వీధిలోని కేఫ్ ద పారీ అది. నేలకు ఇరవై అడుగుల కింద ఉంది కనుక ఊళ్లోకెల్లా భద్రమైన చోటని యుద్ధకాలంలో చెప్పుకునేవారు. 1941 మార్చి 8 రాత్రి బాంబులు గాలి గొట్టంలోంచి నేరుగా డాన్స్ జరుగుతున్న చోటికి పడ్డాయి. కనీసం 34 మంది చనిపోయారు. వాళ్లలో బ్యాండు నడుపుతున్న కెన్ జాన్సన్ కూడా ఉన్నాడు, అతనికి ఇరవై ఆరేళ్లు. 1948లో ఆ క్లబ్బు మళ్లీ తెరిచారు. ఆ మెట్ల మీదుగానే దిగి వచ్చి, నార్మన్ హాక్‌ఫర్త్ పియానో వాయిస్తుంటే కవర్డ్ తన పాటలు తానే పాడాడు. శిక్షణ పొందిన గొంతు కాదు, కానీ ఒక్క అక్షరం జారదు. నాటకాల కాలం అయిపోయిందని పత్రికలు రాసిన మనిషి కోసం జనం బల్లలు ముందే మాట్లాడుకున్నారు. 1955లో అమెరికాలోని లాస్ వేగాస్ పిలిచింది. రౌడీల నోట తను పెట్టలేకపోయిన మాట అక్కడ అవసరం పడలేదు. క్లబ్బులో అతను తనలాగే మాట్లాడాడు, తనలాగే పాడాడు. అక్కడ కావలసింది అదే.

కేఫ్ ద పారీ 2020 డిసెంబరులో శాశ్వతంగా మూతబడింది. కేంబ్రిడ్జ్ థియేటర్ సెవెన్ డయల్స్‌లో అలాగే ఉంది, 2011 నుంచి అక్కడ ‘మటిల్డా’ ఆడుతోంది. 1950 నాటి నటీనటులు పాడిన ‘ఏస్ ఆఫ్ క్లబ్స్’ రికార్డులు ఇప్పటికీ దొరుకుతున్నాయి. వెతికి వినండి, పిల్లి పాటతో మొదలుపెట్టండి.