ముందు సైడర్ ఇల్లు, తర్వాతే మూడు నక్షత్రాలు

స్పెయిన్ వెళ్ళొచ్చే స్నేహితులు ఈ మధ్య ఎక్కువయ్యారు. బార్సిలోనా, మాడ్రిడ్ అయ్యాక పైన సాన్ సెబాస్టియన్ దాకా కూడా ఒక రెండు రోజులు వెళ్దామనుకుంటారు. అప్పుడు నాకు ఫోను. "అక్కడ ఏ మిషెలిన్ రెస్టారెంటు బుక్ చేసుకోమంటావు?" అడిగేవాళ్ళలో సగం మందికి ఆ డబ్బు దండగేమోనని అనుమానం. మిగతా సగానికి ఇంత దూరం వెళ్ళి మామూలు చోట తినొస్తే ఏం లాభం అని అనుమానం. ఇద్దరికీ నా జవాబు ఒకటే. ముందు సైడర్ ఇంట్లో తినండి, ఆ తర్వాత డబ్బుంటే నక్షత్రాల సంగతి చూడండి. ఈ వరస తిరగబడితే రెండూ సగం సగమే అర్థమవుతాయి.

తెలియనివాళ్ళకి కాస్త భూగోళం. బాస్క్ దేశం అంటే స్పెయిన్ ఉత్తరపు అంచున, కొంత ఫ్రాన్సు లోపలికి కూడా, బిస్కే అఖాతం ఒడ్డున ఉండే ప్రాంతం. వాళ్ళ భాష ఎయుస్కారాకి చుట్టుపక్కల ఏ భాషతోనూ చుట్టరికం లేదు. సాన్ సెబాస్టియన్‌ని వాళ్ళు డొనోస్తియా అంటారు. జనాభా రెండు లక్షలు కూడా లేదు, మన లెక్కన ఓ మోస్తరు జిల్లా కేంద్రం. అలాంటి ఊళ్ళో, దాని శివార్లలో కలిపి 2025 మిషెలిన్ గైడులో మూడు నక్షత్రాల హోటళ్ళు మూడున్నాయి: అర్సాక్, అకెలారె, మార్టిన్ బెరసాతెగి.

ఈ ఊరి తిండి గురించి మాట్లాడేవాళ్ళు సాధారణంగా రెండు పార్టీలు. ఒక పార్టీ వాళ్ళు "పళ్ళెం ఇంత, అందులో తిండి చిటికెడు, బిల్లు మాత్రం మూరెడు" అని వెక్కిరిస్తారు. రెండో పార్టీ వాళ్ళకి పాత వంటంటే చిన్నచూపు. మాంసం కాల్చి ఉప్పు చల్లడం ఎవడికి రాదు, మెదడు పెట్టి వండేది చూడాలి గానీ అంటారు. నా మట్టుకు నాకు ఈ రెండు పార్టీలూ ఒకే తప్పు చేస్తున్నాయనిపిస్తుంది. పాతదీ కొత్తదీ వేరువేరు అనుకోవడమే ఆ తప్పు.

ముందు పాతదేమిటో చూద్దాం. సైడర్ ఇల్లంటే ఆపిల్ రసం పులియబెట్టి పెద్ద పెద్ద చెక్క పీపాల్లో నిలవ చేసే చోటు. డొనోస్తియా పక్కనే అస్తిగరాగా, ఎర్నానీ అనే ఊళ్ళలో ఇవి బోలెడు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా సీజన్. పూర్వం సైడర్ కొనడానికొచ్చేవాళ్ళు పీపా పీపాకీ రుచి చూసి బేరమాడేవాళ్ళు. ఖాళీ కడుపుతో తాగలేరు కదా, తినడానికేదో వెంట తెచ్చుకునేవాళ్ళు. అదే పోను పోను భోజనం అయింది. ఇప్పటికీ మెనూ దాదాపు అన్నిచోట్లా ఒకటే: ఉప్పుచేప వేసిన ఆమ్లెట్టు, మిరపకాయలతో వేయించిన ఉప్పుచేప, నిప్పుల మీద కాల్చిన చులేతా అనే పెద్ద గొడ్డుమాంసం ముక్క, చివర్లో ఇదియాసాబల్ గొర్రె జున్ను, క్విన్స్ పండు హల్వా, అక్రోటులు. మధ్యలో ఎవరో "చోచ్!" అని అరుస్తారు. అందరూ గ్లాసులు పట్టుకుని పీపా దగ్గరికి పరిగెత్తాలి. పీపాకున్న చిన్న కన్నంలోంచి సన్నటి ధార ఎగిరొస్తుంది, దాన్ని దూరం నుంచే గ్లాసు అంచుకి తగిలేట్టు పట్టాలి. నేను వెళ్ళినప్పుడు వరసలో నా వెనకున్న పెద్దాయన, భాష రాకపోయినా, నా మోచెయ్యి పట్టుకుని గ్లాసు ఎంత వంచాలో చూపించాడు. గుక్కెడే పట్టుకోవాలి, వెంటనే తాగెయ్యాలి, మళ్ళీ చోచ్ అన్నప్పుడు మళ్ళీ రావాలి. మనిషికి 40-50 యూరోలవుతుంది. చవకేం కాదు, కానీ ఇంకా కావాలంటే సైడర్‌కి లెక్క లేదు.

ఇది సరదాగా ఉంటుందని మాత్రమే చెప్పట్లేదు. అక్కడ బల్లల చుట్టూ చూడండి. కుటుంబాలు, ఆఫీసు జనం, కాలేజీ పిల్లలు. మాంసం ఎలా కాలిందో, ఉప్పుచేప ఎన్నాళ్ళు నానిందో వాళ్ళు వాదించుకుంటూ ఉంటారు. అంటే అక్కడ తినేవాళ్ళకి వంట తెలుసు. దీని వెనక ఇంకో ఏర్పాటుంది, వాళ్ళ వంట సంఘాలు. చోకో అంటారు. కొంతమంది స్నేహితులు కలిసి అద్దెకో సొంతానికో ఒక వంటశాల పెట్టుకుంటారు. సభ్యులెవరైనా సరుకులు తెచ్చుకుని తమవాళ్ళకి వండిపెట్టచ్చు. వాడుకున్న నూనె, వైను ఎంతో చీటీ మీద రాసి డబ్బు పెట్టి పోవాలి, చూసేవాడెవడూ ఉండడు. ఇప్పటికీ నడుస్తున్న ఊనియోన్ ఆర్తెసానా అనే సంఘం 1870 నాటిది. ఫ్రాంకో కాలంలో బాస్క్ భాష బయట మాట్లాడటం కష్టమైనప్పుడు, తలుపులేసుకుని మాట్లాడుకునే చోట్లలో ఇవీ ఒకటి.

ఇక్కడ ఒక మచ్చ కూడా చెప్పుకోవాలి. ఈ సంఘాలు పుట్టుకతో మగవాళ్ళవి. ఆడవాళ్ళని అతిథులుగా రానిచ్చినా వంటగదిలోకి రానిచ్చేవాళ్ళు కాదు. చాలాచోట్ల మారింది, కొన్నిచోట్ల ఇంకా మారలేదు. సంప్రదాయం అనగానే చేతులు జోడించేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకుంటే మంచిది. అర్సాక్ సంగతే తీసుకోండి. 1897లో కట్టిన ఇల్లది, మొదట్లో మామూలు పూటకూళ్ళ ఇల్లు. హువాన్ మారి అర్సాక్ తండ్రి 1951లో పోతే ఆ హోటల్ని నిలబెట్టింది తల్లి. కొడుకు 1989లో మూడో నక్షత్రం తెచ్చాడు, ఇవాళ నడిపిస్తున్నది కూతురు ఎలెనా. సంఘాల్లో గరిటె మగవాళ్ళ హక్కు, ఆ ఊరికి పేరు తెచ్చిన హోటలు మాత్రం ఒక అమ్మ కాపాడింది!

సరే, ఇప్పుడు కొత్తదానికొద్దాం. ఫ్రాంకో చనిపోయింది 1975 నవంబరులో. మర్నాటి ఏడాది 1976లో మాడ్రిడ్‌లో వంటవాళ్ళ సమావేశమొకటి జరిగింది. ఫ్రాన్సు నుంచి పాల్ బొక్యూస్ వచ్చాడు. ఆయన మాటలు విన్న అర్సాక్, పేద్రో సుబిహానా ఇద్దరూ లియోన్ వెళ్ళి ఆయన వంటగదిలో కొన్నాళ్ళు ఉండొచ్చారు. తిరిగొచ్చి ఇంకో పదిమంది దాకా తోటి వంటవాళ్ళని కూడగట్టి "కొత్త బాస్క్ వంట" మొదలుపెట్టారు. ఒకళ్ళ హోటల్లో ఒకళ్ళు వండేవాళ్ళు, తెలిసింది దాచుకునేవాళ్ళు కాదు. మనం గమనించాల్సింది వాళ్ళు పెట్టుకున్న పని. కొత్తవి కనిపెట్టడం అందులో ఒక భాగమే. జనం మర్చిపోయిన పాత వంటల్ని వెతికి పట్టుకోవడం, హోటళ్ళ చేతిలో పాడైపోయిన వంటల్ని మళ్ళీ సరిగ్గా వండటం కూడా అందులో ఉన్నాయి. అంటే ఈ ప్రయోగం మొదలైందే పాతదాన్ని బాగుచెయ్యడంతో. మా సాఫ్ట్‌వేర్ వాళ్ళ భాషలో చెప్పాలంటే పాత కోడు పారేసి కొత్తగా రాయలేదు, ముందు బగ్గులు సరిచేశారు.

అప్పటి ప్రయోగాల్లో ఒకటి అర్సాక్ చేసిన కబ్రారోకా పుడింగు. ముళ్ళెక్కువని పెద్దగా లెక్కచెయ్యని ఒక రాతిచేపని గుడ్లతో, మీగడతో కలిపి అచ్చులో పోసి ఉడికించడం. ఇవాళ అది ఆ ఊళ్ళో బారు బారులోనూ దొరుకుతుంది, ఇళ్ళలో చేస్తారు. కొత్తగా వచ్చినవాడు అది వాళ్ళ ముత్తాతల నాటిదనుకుంటాడు. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే మాడిన చీజ్‌కేకు. పాతబస్తీలో లా వీన్యా అనే బారు ఉంది. అక్కడ సాంతియాగో రివేరా అనే ఆయన 1990 ప్రాంతాల్లో తయారుచేసిన కేకది. జున్ను, గుడ్లు, పంచదార, మీగడ, కొంచెం పిండి. బాగా వేడిమీద పైన నల్లబడేదాకా కాలుస్తారు, లోపల మెత్తగా ఉండిపోతుంది. అడిగినవాళ్ళకల్లా ఎలా చెయ్యాలో చెప్పేశాడు. ఇవాళ హైదరాబాదు కాఫీ షాపుల్లో కూడా "బాస్క్ చీజ్‌కేక్" అని అద్దాల వెనక కనబడుతోంది. ముప్ఫై అయిదేళ్ళ వయసున్న వంటకి ప్రపంచమంతా సంప్రదాయమని పేరు పెట్టేసింది!

తిరగేసి చూసినా అంతే. పిల్‌పిల్ అని వాళ్ళ పాత వంట ఒకటుంది. ఎండబెట్టిన ఉప్పుచేపని నీళ్ళు మారుస్తూ ఒకటి రెండు రోజులు నానబెట్టి, వెల్లుల్లి వేసిన ఆలివ్ నూనెలో సన్నసెగ మీద ఉంచి, మట్టిమూకుడుని గుండ్రంగా ఊపుతూ ఉంటారు. చేప చర్మంలోంచి దిగిన జిగురు నూనెని పట్టుకుని చిక్కటి తెల్లటి పులుసవుతుంది. పిండి లేదు, గుడ్డు లేదు, మీగడ లేదు. దీన్నే ఇవాళ ఒక తెల్లకోటు షెఫ్ కొత్తగా చేసి చూపిస్తే ప్రయోగశాల వంట అనేవాళ్ళం. ఏ పేరూ లేని వంటమనిషెవరో ఎప్పుడో చేసిన ప్రయోగం అది, నిలబడింది కాబట్టి సంప్రదాయమైంది.

మరి ముగారిట్స్ లాంటివాటి మాటేమిటంటారా? అందోని లూయిస్ అదురిస్ 1998లో ఎర్రెంతేరియా దగ్గర కొండల్లో పెట్టిన హోటలది. ఏటా కొన్ని నెలలు మూసేసి ఆ ఏటి వంటల మీద పనిచేస్తారు. అక్కడ ప్రసిద్ధమైంది గులకరాళ్ళ పళ్ళెం. తెల్లబంకమన్ను పూత పూసిన బంగాళాదుంపలు, చూడటానికి అచ్చం ఏట్లో రాళ్ళలాగే ఉంటాయి. కొరికితే మెత్తటి దుంప. ఇది బావుందా అంటే, రుచికి ఉడికించిన దుంపే కదా. కానీ పన్ను దింపేముందు ఒక్క క్షణం భయపడతాం చూడండి, వాళ్ళు వండింది ఆ భయాన్ని. అన్ని పళ్ళేలూ నచ్చాలని అక్కడ ఎవరూ అనుకోరు. ఇలాంటి భోజనం పానీయాలు కాకుండా 250 యూరోలు దాటుతుంది, కాబట్టి నచ్చకపోతే కోపమొచ్చే హక్కు మనకుంటుంది. ఆ కోపం పనికొచ్చేదవ్వాలంటే మాత్రం మామూలు రుచి ఏమిటో ముందు తెలిసుండాలి. రెండు వెర్షన్ల తేడా చూడాలంటే పాత వెర్షన్ చదివి ఉండాలి కదా. ఉప్పుచేప ముక్క ఎలా ఉంటుందో తెలియకుండా దాని నురగ తింటే నురగే మిగులుతుంది.

ఈ పాత, కొత్త గీతలకి అస్సలు లొంగని చోటు ఒకటుంది. ఆచ్పె అనే చిన్న పల్లెలో ఎచెబర్రి. విక్తోర్ ఆర్గిన్సోనిస్ అనే ఆయన అన్నీ నిప్పులమీదే వండుతాడు. బొగ్గులు కూడా సొంతంగా కాలుస్తాడు, ఏ వంటకి ఏ కట్టె అని లెక్క. ఇంతకంటే పాత పద్ధతి ఉందా? ప్రపంచ మేటి 50 రెస్టారెంట్ల జాబితాలో 2024లోనూ 2025లోనూ రెండో స్థానం దానిదే. చోటా చేపపిల్లల్నీ, జున్నునీ, చివరికి ఐస్‌క్రీముకి పాలనీ పొగ చూపించడానికి ఆయన జాలీలు, మూకుళ్ళు ప్రత్యేకంగా చేయించుకున్నాడు. ఇంతకంటే కొత్త పద్ధతి ఉందా?

కొత్తదానిమీద నాకున్న అసలు ఫిర్యాదు వేరే. ఒక్కో పెద్ద వంటగదిలో డజన్లకొద్దీ చేతులు కావాలి. స్పెయిన్‌లో పేరున్న హోటళ్ళు చాలాకాలం ఆ పని జీతం లేని శిక్షణార్థులతో చేయించుకున్నాయి. 2017లో దీనిమీద దేశమంతా పెద్ద గొడవే జరిగింది. "నేర్చుకుంటున్నారుగా" అనే సమర్థన నాకు కొత్తగా వినపడలేదు, మన సాఫ్ట్‌వేర్ వీధుల్లో ట్రెయినీలకి కూడా ఆ పాటే పాడతారు. పళ్ళెంలో ఎంత తెలివున్నా, ఆకులు ఏరినవాడికి జీతం లేకపోతే ఆ వంట బావుందనడానికి నాకు నోరు రాదు.

పాతదానికి ఉన్న ప్రమాదం కూడా ప్రయోగాల వల్ల వచ్చింది కాదు. పాతబస్తీ బారుల్లో పించోలని చిన్న చిన్న తినుబండారాలు పెడతారు. వీటిలో హిల్దా మహా ప్రసిద్ధి, ఆలివ్ కాయ, ఆంచోవీ చేప, ఊరమిరపకాయ ఒక పుల్లకి గుచ్చినది, 1946 నాటి సినిమా పేరు పెట్టారు. యాత్రికులు పెరిగేకొద్దీ కొన్ని బారుల్లో ఇవి ఎక్కడో ఫ్యాక్టరీలో తయారై ప్యాకెట్లలో వస్తున్నాయని ఊరివాళ్ళ బాధ. గుర్తుపట్టడానికి చిన్న చిట్కా: బల్లమీద గుట్టలు పోసినవి వదిలేసి, గోడమీద పలకపై రాసినవి చూసి వేడివేడిగా చేయించుకోండి. పాతదానికి శత్రువు కొత్తది కాదండీ, నకలు. కొత్తదానికీ అదే శత్రువు. ముగారిట్స్‌ని చూసి రాతిపలక మీద చుక్కలు పెట్టే హోటళ్ళు ప్రపంచంలో ఎన్నో.

మన జనం తప్పకుండా అడిగే ప్రశ్న ఇంకోటుంది, శాకాహారుల సంగతేమిటని. సైడర్ ఇంట్లో కష్టమే, జున్ను, అక్రోటులు, హల్వాతో సరిపెట్టుకోవాలి. బారుల్లో గెర్నికా మిరపకాయలు నూనెలో వేయించి గళ్ళుప్పు చల్లినవి, పుట్టగొడుగులు, పక్కనున్న నవర్రా నుంచొచ్చే తెల్ల ఆస్పరాగస్ దొరుకుతాయి. తొలోసా నల్ల చిక్కుడుగింజలు బ్రహ్మాండం, కానీ పంది మాంసంతో కలిపి వడ్డించడం అలవాటు, ముందే అడగండి. పెద్ద హోటళ్ళలో అయితే బుక్ చేసేటప్పుడే చెప్పాలి. గొడ్డుమాంసం తిననివాళ్ళు గెతారియా రేవుకెళ్ళి బొగ్గులమీద కాల్చిన తుర్బోట్ చేప తినచ్చు. 1964లో మొదలైన ఎల్కానో దానికి పెట్టింది పేరు.

కాబట్టి రెండు రోజులుంటే మొదటి రోజు సైడర్ ఇల్లు, సీజన్ కాకపోతే పాతబస్తీ బారులు. రెండో రోజు, స్తోమతుంటే, ప్రయోగాల హోటలు. ఒక్క రోజే ఉంటే? పాతదే. కొత్తది తక్కువని కాదు. వంట తెలిసిన ఊరివాళ్ళే ఆ కొత్త వంటలకి మొదటి న్యాయనిర్ణేతలు, వాళ్ళలో కొందరు మీ పక్కబల్ల దగ్గరే గ్లాసు పట్టుకుని నిలబడి ఉంటారు. వాళ్ళు లేకపోతే ఆ నక్షత్రాలు అక్కడ పొడిచేవే కావు.